వెనకపడే గొంతు

ఫిబ్రవరి 18, భస్మ బుధవారం

ఈ కంప్యూటర్‌ను ఎత్తుకెళ్ళి శామీర్‌పేట చెరువులో వేసి రావాలి. ప్రార్థన నుంచి రాగానే మొదటి చరణం పెట్టాను. వంట చేశాను, గిన్నెలు తోమాను, బాపుకు బీపీ మాత్ర ఇచ్చాను, వచ్చి చూస్తే ఇంకా సగం దగ్గరే ఉంది. లోపల లెక్కలు చేసేవి నాలుగు కోర్లు. నాలుగూ నెత్తిన బండ పెట్టుకున్నట్టు పని చేస్తున్నాయి. ఫ్యాన్ రొప్పుతోంది.

రొప్పడం అనే మాట రాయకుండా ఉండాల్సింది.

ఇవాళ్టితో శ్రమదినాలు మొదలు, ఈస్టర్‌కు ముందు నలభై రోజులు. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర తాత కట్టిన కీర్తన పాడాలి. అది పుస్తకంలో లేదు, ఏ కాగితం మీదా లేదు. ఆ ఒక్క పొద్దే పాడతాం. ఒకరు పంక్తి పెట్టాలి, జనం అందుకోవాలి. తాత పోయినప్పటి నుంచి పెట్టేది అమ్మే. ఆగస్టులో అమ్మ కూడా తాత పక్కకే వెళ్ళింది.

ప్రార్థన అయ్యాక సంఘపెద్ద జాన్సన్ అన్న చెప్పుల దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"చెల్లే, ఈసారి తాత కీర్తన ఎవరు పెడ్తరు? నువ్వు పెడ్తవా?"

"అమ్మనే పెడ్తది అన్నా."

ఆయన మొహం చూసి నాకే నవ్వొచ్చింది. పోయిన ఈస్టర్‌కు కొత్త మైకు సెట్టు తెచ్చినప్పుడు కార్డులో రికార్డు చేశాం కదా, ఆ జనం గోలలోంచి అమ్మ గొంతును విడిగా తీస్తున్నానని చెప్పాను. సమాధుల మధ్య స్పీకర్ పెడతాం, అమ్మ పంక్తి ఇస్తుంది, జనం అందుకుంటారు, ఎప్పటిలాగే.

"మంచిదే గని..." అని ఆగాడు. గని తర్వాత ఏముందో నేను అడగలేదు.

ఫిబ్రవరి 20

మొదటి చరణం అయింది. అమ్మ గొంతు ఎంత బాగా వచ్చిందో. వెనక ఎవరో సన్నగా ఉన్నారు.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఆ సన్న గొంతు నా ప్రాణం తీస్తోంది. మగవాళ్ళ గొంతులు, డప్పు, కాకులు, రోడ్డు మీద లారీ, అన్నీ పోయాయి. ఇదొక్కటే పోదు. అమ్మ పంక్తి పెడుతుంది, సగం పంక్తి అయ్యాక ఇది బయలుదేరుతుంది. ఎక్కడో ఆగుతుంది, మళ్ళీ దొరకబుచ్చుకుంటుంది, చివరి మాట అమ్మ వదిలేశాక కూడా ఈడ్చుకుంటూ వస్తుంది. మైకుకు దగ్గరగానే ఉంది. ఎవరో ముసలామె అమ్మ భుజం మీద పడి పాడినట్టుంది.

కమలాబాయి పెద్దమ్మే అయ్యుంటుంది. ఆమె చర్చిలో కూడా అంతే. అందరూ ఆమెన్ అని కూర్చున్నాక ఆమె ఇంకా మూడో లైను పాడుతూ ఉంటుంది.

ఈ సాఫ్ట్‌వేర్‌లో ఒక పద్ధతి ఉంది. ఏ గొంతు కావాలో, ఏది వద్దో మనమే కొంచెం వినిపించి పేర్లు పెట్టాలి. ఆ తర్వాత అదే వెతుక్కుంటుంది. నిబ్బరంగా ఉన్న గొంతుకు "అమ్మ" అని పెట్టాను. వెనకపడే దానికి "చెత్త" అని పెట్టాను.

మధ్యాహ్నం బాపుకు మొదటి చరణం వినిపించాను. పీట మీద కూర్చొని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నాడు. మొత్తం విన్నాడు. కళ్ళు కూడా తుడుచుకోలేదు.

"మంచిగ పాడినవ్ బిడ్డా," అన్నాడు.

జీడిమెట్ల కంపెనీలో ఆ యంత్రాల మధ్య జీవితమంతా పని చేశాడు, చెవులు పోతున్నట్టున్నాయి. పెళ్ళాం గొంతుకు, కూతురి గొంతుకు తేడా తెలియదా మనిషికి? కోపం వచ్చి స్పీకర్ ఆపేశాను.

ఫిబ్రవరి 26

మేడ్చల్ షాపులో ఇవాళ మూడు పెళ్ళిళ్ళ వీడియోలు ఒకేసారి మిక్సింగ్‌కు వచ్చాయి. హార్డ్‌డిస్క్‌లో సూది మోపే చోటు లేదు. మా ఓనర్ శంకరయ్యన్నకు ఒకటే మంత్రం. "మీదికెల్లే చెయ్, కాపీలు పెట్టకు." అసలు ఫైలు మీదే పని, చేసిన కొద్దీ పాతదాని మీద కొత్తది ఎక్కుతూ పోతుంది, తీసేసింది ఎక్కడా దాచకూడదు, కార్డు వెంటనే ఖాళీ చేసి కెమెరా అబ్బాయికి ఇచ్చేయాలి. ఇన్నేళ్ళలో నా చేతికి అదే అలవాటు. ఇంట్లో కూడా అలాగే చేస్తున్నాను. చర్చి కార్డు అయితే మరుసటి ఆదివారానికే తుడిచి మళ్ళీ వాడారు.

ఫణిభూషణ్ గారు వాళ్ళ అమ్మాయి ఓణీల ఫంక్షన్ వీడియో కోసం వచ్చారు. కాకినాడ వైపు వాళ్ళు, మా ఊరి అవతల కొత్త కాలనీలో ఉంటారు. తుర్కపల్లిలో ఏదో మందుల ల్యాబులో కంప్యూటర్లు చూసుకుంటారు. మాటల్లో అడిగేశాను, మా ఇంటి దానికి నాలుగు కోర్లే ఉన్నాయి, పదహారు ఉన్నది పెడితే నాలుగింతలు తొందరగా అవుతుందా అని.

"అది మీ పనిని బట్టి ఉంటుందండీ," అన్నారు.

డాక్టర్లూ అంతే, వీళ్ళూ అంతే. సూటిగా ఒక్క మాట చెప్పరు. పని ఏమిటో చెప్పాను. అమ్మ గొంతు అని మాత్రం చెప్పలేదు, పాత పాట అన్నాను.

మార్చి 1, ఆదివారం

రెండో చరణంలో కూడా ఉంది.

మార్చి 5

ఫణిభూషణ్ గారి ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య లిఖిత గారు ఉప్మా పెట్టారు. ఆయన దగ్గర ఇంట్లో వాడని మెషీన్ ఒకటి ఉంది, సొంతంగా బిగించుకున్నదట. పదహారు కోర్లు. పండుగ అయ్యేదాకా వాడుకోమన్నారు. ఇద్దరికీ దండం పెట్టాలనిపించింది.

"ఒక్కటి మాత్రం చెప్తానండీ, తర్వాత నన్ను తిట్టుకోకూడదు," అన్నారు. "కోర్ అంటే ఒక పనిమనిషి అనుకోండి. ఇంట్లో బంతి భోజనాలకి వంద విస్తళ్ళు వేయాలంటే పదహారు మంది ఉంటే క్షణాల్లో అయిపోతుంది. అదే ఒక పాకం పట్టాలంటే? పదహారు మంది పొయ్యి చుట్టూ నిలబడ్డా పాకం దాని టైములోనే వస్తుంది. మీ పనిలో విస్తళ్ళు ఎంత, పాకం ఎంత అన్నదే లెక్క."

లిఖిత గారు వంటింట్లోంచి నవ్వారు. "ఈయన ఎప్పుడైనా పాకం పట్టారేమిటండీ, మాటలు తప్ప."

నేనూ నవ్వాను. నా పనిలో పాకమేమీ లేదు. ఆ సన్న గొంతుకు కావలసింది బలం. నాలుగు చేతులకు లొంగనిది పదహారుకు లొంగుతుంది.

మార్చి 8, ఆదివారం

చర్చిలో ఆడవాళ్ళ వైపు కమలాబాయి పెద్దమ్మ నా పక్కనే వచ్చి కూర్చుంది. పాట మొదలు కాగానే ఆమె వెనకపడటం మొదలుపెట్టింది. నేను లేచి ముందు చాపకు వెళ్ళి కూర్చున్నాను. తప్పే. అయినా నా చెవులు అప్పటికే పుండ్లై ఉన్నాయి.

ఆరాధన అయ్యాక ఆమే నా దగ్గరికి వచ్చింది. "ఏంది బిడ్డా, నా మీద కోపమా?"

ఆగలేకపోయాను. "పోయిన ఈస్టర్‌కు మా అమ్మ మీద పడి పాడినవ్ గద పెద్దమ్మా, గిప్పుడు అదంత నేను తీయాల్సి వస్తాంది."

ఆమె వింతగా చూసింది. "పోయిన ఈస్టర్‌కు నేనేడున్న బిడ్డా? కాలు ఇరిగి కుత్బుల్లాపూర్ల మా కోడలింట్ల మంచం మీదున్న గద. మీ అమ్మనే వచ్చి చూసిపోయింది. మర్శినవా?"

మరిచిపోలేదు. అమ్మను స్కూటీ మీద తీసుకెళ్ళింది నేనే. వాళ్ళింటి మెట్లు ఎక్కలేక అమ్మ మధ్యలో కూర్చుండిపోయింది కూడా.

అయితే ఎవరు? ఎవరైతే నాకేం.

మార్చి 11

షాపులో ఒక పెళ్ళి వీడియోకు సౌండ్ కలుపుతున్నాను. బోనాలపల్లెలో పెళ్ళి, మా చర్చికి సంబంధం లేని మనుషులు. మంగళసూత్రం కట్టేటప్పుడు మేళం ఆగిన చోట వినిపించింది. సన్నగా, ఆగి ఆగి. హెడ్‌ఫోన్ తీసి శంకరయ్యన్నకు ఇచ్చాను.

"ఏం లేదు గదా," అన్నాడు. "నీకు జర రెస్ట్ కావాలె క్రిస్టీనా. మొకం చూసుకున్నవా?"

బస్సులో కూడా వినిపించింది. కండక్టర్ విజిల్ తర్వాత.

మార్చి 12

ఇంట్లో మిక్సీ ఆపాక.

మార్చి 15, ఆదివారం

ఒకటి స్పష్టంగా రాసి పెట్టుకోవాలి. పోయిన ఈస్టర్‌కు అమ్మ బాగానే పాడింది. ఊపిరి అప్పటికింకా బాగానే ఉంది. మందులు వాడుతోంది అంతే. సమాధుల మధ్య తెల్లవారుజాము గాలి వీస్తుంటే నా శాలువా సగం అమ్మకు కప్పాను, ఇద్దరం ఒకే శాలువాలో నిలబడ్డాం. మైకు అమ్మ చేతిలో ఉంది. నేను సాయంగా మెల్లగా గొంతు కలిపాను. చరణం చరణానికీ అమ్మ నా చెయ్యి నొక్కుతూ ఉంది. కీర్తన మొత్తం అమ్మే పెట్టింది. అందరూ వచ్చి అమ్మ చేతులు పట్టుకున్నారు. అమ్మ ఏమీ మాట్లాడకుండా నవ్వుతూ తలాడించింది.

ఏమీ మాట్లాడలేదు. చల్లగాలికి గొంతు పట్టేసి ఉంటుంది.

బాగానే పాడింది.

మార్చి 21

మెషీన్ వచ్చింది. ఫణిభూషణ్ గారు ల్యాబ్ క్యాబ్‌లోనే వెనక సీట్లో పెట్టుకొని తెచ్చి దించి వెళ్ళారు. బాపు దాని చుట్టూ తిరిగి చూసి, "గింత పెద్దగున్నదేంది, ఫ్రిజ్జా?" అన్నాడు. అమ్మ కుట్టుమిషన్ పక్కకు జరిపి అక్కడ పెట్టాను.

కీర్తన ఫైలు మొత్తం ఎక్కించి, అన్నిటికంటే గట్టి సెట్టింగ్ పెట్టాను. స్క్రీన్ మీద పదహారు చిన్న గళ్ళు, పదహారూ ఒక్కసారి పైకి లేచాయి. పాటంతటినీ చిన్న చిన్న ముక్కలు చేసి తలా ఒకటి పంచుకున్నాయి. డప్పు, కాకులు, మగవాళ్ళు, నేను ఛాయ్ పెట్టుకొని వచ్చేలోపు పోయాయి. పాతదాని మీద పొద్దంతా పట్టిన పని. చప్పట్లు కొట్టబోయాను.

అప్పుడు గళ్ళన్నీ పడిపోయాయి. ఒక్కటి తప్ప.

ఆ ఒక్క గడి పైన అలాగే నిలబడింది. మిగతా పదిహేనూ నేలకు అంటుకొని ఖాళీగా కూర్చున్నాయి. పని నత్త నడక నడుస్తోంది. పాత కంప్యూటర్ మీద ఎంతసేపు పట్టిందో అంతే, వీసం తేడా లేదు. విసిగి మధ్యలోనే ఆపేశాను. ఏం రోగం వచ్చింది దీనికి?

మార్చి 22, ఆదివారం

చెడిపోలేదట. ఫణిభూషణ్ గారు వచ్చి చూశారు.

"మొదటి భాగం విస్తళ్ళండీ. ఇదిగో, ఇది పాకం," అన్నారు. "ఇద్దరూ ఆడవాళ్ళే, గొంతులు కూడా బాగా దగ్గరగా ఉన్నాయి. ఏది ఎవరిదో తేల్చాలంటే ఈ పంక్తిలో ఎవరు ఎక్కడ ఆగారో తెలిస్తేనే తర్వాతి పంక్తిలో గుర్తుపట్టగలదు. ముందుది తేలకుండా తర్వాతది మొదలుపెట్టలేదు. మిగతా పదిహేను మందికి చేయాలని ఉన్నా చేతికి పని రాదండీ."

"మరి ముప్పై రెండు కోర్లు పెడితే సార్?"

"ముప్పై ఒకటి ఖాళీగా కూర్చుంటాయి." కాసేపు విన్నారు. "ఈ పాట మీరు ఎలా పాడతారండీ? అంటే అందరూ కలిసేనా?"

"లేదు సార్. ఒక్కరు పంక్తి పెడతారు. అది అయ్యాక జనం అందుకుంటారు. జనం అయ్యాకే మళ్ళీ..."

చెప్తూ ఆగిపోయాను. మా చర్చి వాళ్ళు యాభై మంది వచ్చినా, మేడ్చల్ మొత్తం కదిలి వచ్చినా ఆ కీర్తన అంతే సేపు పడుతుంది. ఆయన తల ఊపారు. నాకు మాత్రం కాలి మండింది. నాకు కావలసింది పాఠం కాదు, పండుగలోపు అమ్మ గొంతు.

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర నిలబడి అడిగారు. "ఆ రెండో ఆవిడ ఎవరండీ?"

"తెలవదు సార్."

"పాపం, ఊపిరి ఆడటం లేదు ఆవిడకి," అన్నారు.

మార్చి 23

ఊపిరి ఆడనివాళ్ళు ఊళ్ళో సవాలక్ష మంది ఉంటారు.

మార్చి 29, మట్టల ఆదివారం

ఈత మట్టలు పట్టుకొని ఊరేగింపు అయ్యాక, స్పీకర్ సరిగా పలుకుతుందో లేదో చూడటానికి పల్లవి, మొదటి చరణం చర్చిలో పెట్టాను.

పొద్దు పొడవక ముందె పోదాము రారే
రాయి దొర్లించెనెవరో చూదాము రారే

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. జాన్సన్ అన్న నేల చూపులు చూస్తున్నాడు. కోయిర్‌లో పాడే రోజీ నా దగ్గరికి వచ్చి, చెప్పాలా వద్దా అన్నట్టు నిలబడి, "స్పీకర్ ఎందుకక్కా, నువ్వే పెట్టొచ్చు గద," అంది.

"అమ్మ గొంతు ఉండంగ నేనెందుకే?"

"అచ్చం నీ లెక్కనే ఉన్నదక్కా."

"తల్లీబిడ్డలం, ఉండదా మరి?" అన్నాను. నా గొంతు నేను రికార్డులో ఎప్పుడూ పూర్తిగా వినలేదు, వినబుద్ధి కాదు. పెళ్ళి వీడియోల్లో కూడా నా మాట పొరపాటున పడితే కట్ చేసి పారేస్తాను. వింటే ఎవరో పరాయిదానిలా ఉంటుంది.

రోజీ, జాన్సన్ అన్న ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చూసుకోనీ.

మళ్ళీ మొదటి నుంచి నడిపించాలి. మొదటి చరణంలో రెండు చోట్ల సన్న గొంతు తుంపర ఇంకా ఉంది. గట్టి సెట్టింగ్ మీద ఇంకో మెట్టు బిగిస్తే పూర్తిగా పోతుంది. అమ్మ ఊపిరి తీసుకునే చోట్లలో దూరి కూర్చుంటోంది అది.

ఏప్రిల్ 3, శుభ శుక్రవారం

ఏడు మాటల ఆరాధన నుంచి ఉపవాసంతోనే వచ్చి పని మొదలుపెట్టాను. ఇది ఆఖరిసారి. పల్లవి నుంచి ఐదో చరణం దాకా ఒక్క ఊపున. ఒక్కో పంక్తి తేలగానే పాతదాని మీద ఎక్కేస్తుంది. తీసేస్తున్నది దాచాలా అని అడిగింది. వద్దు అని నొక్కాను. అలవాటు. ఆదివారం తెల్లవారేలోపు అయిపోతుంది, లెక్క చూసుకున్నాను.

పదిహేను కోర్లు పడుకొని ఉన్నాయి. ఒక్కటే నడుస్తోంది.

బాపు నన్ను పిలిచాడు, అమ్మ సమాధికి సున్నం కలిపాను, వచ్చి వేద్దువు రా అని. అందరి సమాధులకూ ఇవాళా రేపూ సున్నాలు, పువ్వులు. తర్వాత వస్తానన్నాను. ఆయన ఒక్కడే బకెట్ పట్టుకొని పోయాడు.

ఏప్రిల్ 4, శనివారం

చాలా పొద్దుపోయింది. అయినా ఇవాళే రాయాలి.

సాయంత్రానికి పని ఐదో చరణానికి వచ్చింది, సమాధి దగ్గర ఏడుస్తున్న ఆమె లేచిన ప్రభువును పోల్చుకోలేక తోటమాలి అనుకున్న చరణానికి. సరిగా తీస్తోందా అని చూడటానికి తీసేస్తున్నదాన్ని వినే మీట ఒకటి ఉంది. ఇన్ని రోజుల్లో ఎప్పుడూ నొక్కలేదు. ఆ గొంతును ఒంటరిగా వినడానికి నాకు భయం. ఇవాళ ఇక అయిపోయింది కదా అన్న ధైర్యంతో నొక్కాను.

గదంతా ఆ సన్న గొంతే. పక్కన ఇంకే గొంతూ లేదు. రెండు మాటలు, ఊపిరి. ఒక మాట, ఊపిరి. బాపు సమాధి దగ్గర నుంచి అప్పుడే వచ్చాడు, మోచేతుల దాకా సున్నం. గుమ్మంలోనే నిలబడిపోయాడు. బకెట్ కింద పెట్టడం కూడా మరిచిపోయాడు.

"ఎలీషమ్మ," అన్నాడు.

బాపు అమ్మను పేరు పెట్టి పిలవడం నేను పుట్టినప్పటి నుంచీ వినలేదు.

"గిది ఏడికెల్లి తీసినవ్ బిడ్డా? గిన్ని దినాలు నీ పాటనే పెడ్తివి. మీ అమ్మది ఉన్నదని చెప్పకపోతివి."

"ఇది అమ్మది కాదు బాపు. అమ్మది ఇది." నిబ్బరంగా ఉన్న గొంతు పెట్టాను.

"అది నువ్వు."

"కాదు."

"నాకు తెల్వదా?" బకెట్ కింద పెట్టి, కుట్టుమిషన్ పక్కన నేల మీదే కూర్చున్నాడు. "అప్పటికే మీ అమ్మకు దమ్ము లేకుండె. మైకు ఆమె పట్టింది, పాట నువ్వు పెట్టినవ్. నువ్వు మెల్లగ పాడుతున్న అనుకున్నవ్ గని, వాగు అవతల దాక వినబడ్డది. అందరికి ఎర్కే. నువ్వు పరేషాన్ అయితవని ఎవ్వలం అనలే."

"అమ్మ పెట్టింది బాపు. నా చెయ్యి నొక్కింది."

"నొక్కదా మరి? నువ్వు పెడ్తుంటే ఆమె అందుకున్నది. ఇంటికొచ్చినంక నాతోని చెప్పింది. నాయిన పోయినంక మొదటిసారి ఇయ్యాల ఒకరు పెట్టంగ నేను అందుకున్న, మస్తు సల్లగ అనిపించింది అన్నది."

స్పీకర్‌లో అమ్మ మూడో పంక్తి మొదలుపెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది, అది వినిపిస్తున్నది అంటే పోతోందని అర్థం. మీద పడి ఆపు అని నొక్కాను. చేతిలో ఉన్న పంక్తి పూర్తయ్యాకే ఆగుతానని చెప్పింది. వైరు పీకేద్దామని వంగాను. మధ్యలో పీకితే ఫైలు మొత్తం పోతుందేమో, ఉన్నదీ దక్కదేమో. వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను, ప్లగ్గు మీద చెయ్యి పెట్టుకొని.

తోటమాలి యనుకొని
తొలగి
పొమ్మంటివా

ముక్క ముక్కగా వినిపిస్తూ, వినిపించింది వినిపించినట్టు చెరిగిపోయింది. ఆ ఒక్క కోరు తొందరపడలేదు. బాపుకు ఆ సంగతి తెలియదు. ఆయన కళ్ళు మూసుకొని పెదాలు కదుపుతూ అమ్మతో పాటు పాడుతున్నాడు. నేను చెప్పలేదు.

తర్వాత ఆగింది.

పల్లవి పోయింది. నాలుగు చరణాలు పోయాయి. ఐదో దాంట్లో మూడు పంక్తులు పోయాయి. భస్మ బుధవారం నుంచి పంక్తి వెంట పంక్తి నా చేత్తోనే తోశాను. ఇది కూడా పదహారు మంది పంచుకునే పనే అయ్యుంటే, ఆ మొదటి రోజు నేను ఛాయ్ పెట్టుకొని వచ్చేసరికే ఏమీ మిగిలేది కాదు. ఆఖరి పంక్తి ఒక్కటి ఉంది, జనం గోల పోయి, నేనూ అమ్మా ఒకే శాలువాలో ఉన్నది.

పేరు పెట్టి పిలిచితే పోల్చుకొంటివా

ఏడ్చాను. బాపు సున్నం చేతులతోనే నా తల పట్టుకున్నాడు. ఏమైందని అడిగాడు, అమ్మ గొంతు విని ఏడుస్తున్నానని అనుకున్నాడు. అవునన్నాను. జుట్టంతా సున్నమైంది.

"చెత్త" అని ఉన్నచోట చెరిపి "అమ్మ" అని రాశాను. పైదాంట్లో "అమ్మ" చెరిపాను. అక్కడ నా పేరు రాయాలి. ఇంకా రాయలేదు.

ఏప్రిల్ 5, ఈస్టర్

స్పీకర్ తీసుకెళ్ళలేదు. జాన్సన్ అన్న అడిగితే, నేనే పెడతానన్నాను. ఈసారి ఆయన గని అనలేదు.

ఇంకా చీకటిగానే ఉంది. సమాధుల మీద కొవ్వొత్తులు, బంతిపూలు. అమ్మ సమాధి తెల్లగా ఉంది, బాపు ఒక్కడే వేసిన సున్నం అక్కడక్కడ చారలు కట్టింది. శాలువా ఒక్కదాన్నే కప్పుకున్నాను, ఒక వైపు వేలాడుతూ ఉంది. పల్లవి పెట్టాను. నా గొంతు బయటికి వస్తుంటే విన్నాను. నెలన్నర నుంచి అమ్మ అనుకున్న గొంతే. జనం అందుకున్నారు.

అందరూ ముగించాక వెనక నుంచి ఒక గొంతు ఇంకా వస్తోంది. చేతికర్ర మీద ఆనుకొని కమలాబాయి పెద్దమ్మ. ఎప్పటిలాగే సగం పంక్తి వెనక ఉంది. నేను తర్వాతి పంక్తి పెట్టలేదు. ఆమె చివరి మాట అనేదాకా ఆగాను, అప్పుడు పెట్టాను. ప్రతి పంక్తికీ అలాగే ఆగాను. రోజీ ఒకసారి నా వైపు చూసింది, తర్వాత ఆమె కూడా ఆగడం మొదలుపెట్టింది. కీర్తన ఎన్నడూ లేనంత సేపు పట్టింది. తూర్పున తెల్లబడింది.

తోటమాలి పంక్తికి వచ్చాం. అమ్మ సమాధి వైపు తిరిగి పెట్టాను.

పేరు పెట్టి పిలిచితే పోల్చుకొంటివా

జనం అన్నారు. కమలాబాయి పెద్దమ్మ అంది, ఊపిరి తీసుకొని చివరి మాట కూడా అంది. అయిపోయింది. పాస్టరయ్య ప్రార్థనకు చేతులెత్తారు. నేను ఇంకా ఆగే ఉన్నాను. కళ్ళు అమ్మ సమాధి మీద ఉన్నాయి, చెవులు కూడా. అందరూ నా తల వంగడం కోసం చూస్తున్నారు. కాకులు మొదలయ్యాయి, రోడ్డు మీద లారీ ఒకటి పోయింది, నేను ఆగే ఉన్నాను.

బాపు వచ్చి శాలువా వేలాడే కొస పట్టుకొని నా పక్కన నిలబడ్డాడు.

"అందరు అందుకున్నరు బిడ్డా," అన్నాడు. "ఇగ చాలు."